ఒప్పుకోలునకును పశ్చాత్తాపమునకును నడుమ: దోస్తోయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’



దివంగతులైన ఆచార్యులవారి పుణ్యస్మృతికి అంకితముగా ఏటేట ఒక సాహిత్యోపన్యాసమును జరుపు సంప్రదాయమును నెలకొల్పిన నిర్వాహకులకును, ఈ వత్సరము ఈ వేదికనుండి మాటలాడు గౌరవమును నాకు ప్రసాదించిన పెద్దలకును నా కృతజ్ఞతాంజలి. ఆచార్యులవారు తెలుగు కావ్యములను బోధించుటకే నియుక్తులైనను, పరదేశ వాఙ్మయమును శిష్యులకు పరిచయము చేయుటలో ఏనాడును లోభము చూపినవారు కారు. ఐనను పరభాషా గ్రంథమును చదివినవాడు దానిని తన పాండిత్యమునకు ఆభరణముగా ధరించి తిరుగుట వారికి రుచించెడిది కాదు. గ్రంథకర్త ఏమి చెప్పెను, చెప్పినదానిని మనము సరిగా వింటిమా, లేక మనము ముందే నమ్మియున్నదానిని అతని నోట పలికించితిమా అని మొదట విచారించుకొనుడని వారు హెచ్చరించెడివారు. అట్టి విచారణ మిక్కిలి అవసరమైన గ్రంథములలో నొకటియని నేను తలంచు ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము–శిక్ష’ను నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని.

1866లో వెలువడిన ఈ నవల మన దేశపు పాఠకులలో పెక్కుమందికి ఆంగ్లము మూలముననే, విశేషించి 1914లో ప్రకటితమైన కాన్‌స్టెన్స్ గార్నెట్ అనువాదము మూలముననే పరిచితమైనది. చదివినవారును, చదివినవారివలన విన్నవారును దీని కథను సాధారణముగా నిట్లు సంగ్రహింతురు: నిరుపేదయైన ఒక విద్యార్థి, తాను సామాన్య ధర్మమునకు అతీతుడనని భ్రమించి, తాకట్టుమీద అప్పులిచ్చు ఒక వృద్ధురాలిని గొడ్డలితో చంపును, పిమ్మట అంతరాత్మ పీడింపగా పశ్చాత్తాపదగ్ధుడై, సమాజము పతితయని వెలివేసిన ఒక యువతి ప్రేమచేత ప్రబోధితుడై, పోలీసులకు లొంగిపోవును. ఈ సంగ్రహములో పశ్చాత్తాపమొక్కటి తప్ప తక్కినవన్నియు నిజములే. ఆ విద్యార్థి, రస్కోల్నికోవ్, పోలీసు కచేరి మెట్లెక్కినపుడు పశ్చాత్తప్తుడు కాడు. న్యాయస్థానమున, ఏల లొంగిపోతివని ప్రశ్నింపగా, హృదయపూర్వకమైన పశ్చాత్తాపమువలననే యని అతడు సమాధానము చెప్పినమాట నిజమే; కాని ఆ సమాధానము వినుటకు మోటుగా నుండెనని రచయితయే ప్రక్కన ఒక మాట చేర్చి మనలను జాగరూకులను చేసెను. సైబీరియాలో సంకెళ్ళు ధరించి పనిచేయుచున్న దినములలో సైతము తన అంతరాత్మ ప్రశాంతముగానే యున్నదనియు, తాను చేసినది నేరము కాదు, ఒక వైఫల్యము మాత్రమేననియు అతడు తలపోయుచుండెను. ఐదువందల పుటలు గడచి, ఉపసంహారము సైతము ముగియవచ్చు వేళకుగాని పశ్చాత్తాపమనదగినది వానియందు మొలకెత్తలేదు; మొలకెత్తిన తరువాత మనకు మిగిలినవి రెండు మూడు పుటలు మాత్రమే.

అట్లైనచో ఈ మహాగ్రంథమంతయు నిండియున్న ఆ యాతన ఏది? నా విన్నపమిది: ఈ నవలలో శిక్ష యనగా తోటి మానవులనుండి తెగిపోవుట. రస్కోల్నికోవ్ నేరమునకు చింతించి ఒప్పుకొనలేదు. ఆ తెగిపోవుటను సహింపజాలక ఒప్పుకొనెను. పాపభీతి, మనోవేదన, అనుతాపము అను పేర్లతో మనము ఒక్కటిగా కలిపి చెప్పుకొను ఆత్మస్థితులను దోస్తోయెవ్‌స్కీ ఒకదానినుండి ఒకటి విడదీసి, వాటి నడుమనున్న కాలవ్యవధిని తన నవలకు రంగస్థలముగా చేసికొనెను. ఈ దృష్టి ఆయనకు తర్కమువలన గాని, మతగ్రంథములవలన గాని మొదట లభింపలేదు. అది కారాగారమున లభించినది.

ఆ విషయమునకు పోవుటకు ముందు కాలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1861లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి అర్ధదాస్య విమోచన శాసనమును ప్రకటించెను. 1864లో న్యాయస్థానముల సంస్కరణ వచ్చినది. పల్లెలనుండి నగరమునకు ప్రవహించిన జనముతో పీటర్స్‌బర్గ్ ఇరుకు గదులు క్రిక్కిరిసినవి. ఫీజు చెల్లింపలేక చదువు మానిన విద్యార్థులు తండ్రి యిచ్చిన గడియారమునో, చెల్లెలు ఇచ్చిన ఉంగరమునో తాకట్టుపెట్టి దినములు గడుపుచుండిరి. ఆ యువకులకు 1863లో చెర్నిషేవ్‌స్కీ కోటలో బందీగా నుండి వ్రాసిన నవల వేదప్రాయమైనది. సుబోధితమైన స్వార్థమే సర్వజన హితమునకు దారి తీయునని అది బోధించెను. 1865లో మూడవ నెపోలియను జూలియస్ సీజరు చరిత్రను ప్రకటించి, మహాపురుషులను సామాన్యులను తూచు త్రాసుతో తూచరాదను వాదమును యూరపు ఖండమంతట చర్చనీయము చేసెను. ఈ రెండు భావములకు సహజమైన పొత్తు లేదు. కాని ఆకలిగొన్న మెదడులో అవి రెండును పెనవేసికొనగలవు. ఒక ముసలిదాని ప్రాణము ఒకవైపు, ఆమె ధనముతో రక్షింపదగిన నూరు ప్రాణములు వేరొకవైపు పెట్టి లెక్కచూచు వాదమును రస్కోల్నికోవ్ తన మనస్సున నిర్మించుకొనుచుండగా, సరిగా అదే వాదమును ఒక పానశాలలో ప్రక్క బల్లకడ ఒక విద్యార్థి ఒక యువ సైనికాధికారికి వినిపించుచుండుట అతని చెవిని పడును. మరి నీవు స్వయముగా చంపుదువా యని ఆ అధికారి అడుగగా, చంపనని విద్యార్థి చెప్పును. ఆ భావము అప్పటి గాలిలోనే యున్నదని చెప్పుటకు ఇంతకన్న వేరు సాక్ష్యమేల? నవల తొలి భాగములు పత్రికలో వెలువడు దినములలోనే మాస్కోలో ఒక విద్యార్థి వడ్డీవ్యాపారిని, వాని పరిచారికను హత్యచేసెను. 1866 ఏప్రిల్ 4వ తేదీన, ప్రకటన ఇంకను సాగుచుండగా, కరకోజోవ్ అను మాజీ విద్యార్థి చక్రవర్తిమీద తుపాకి పేల్చెను.

ఇక కారాగారము. 1849లో పెత్రషేవ్‌స్కీ గోష్ఠితోడి సంబంధమునకై నిర్బంధింపబడిన దోస్తోయెవ్‌స్కీ, ఆ డిసెంబరు 22వ తేదీన సెమ్యోనోవ్‌స్కీ మైదానమున మరణశిక్షకు నిలువబెట్టబడి, చివరి నిమిషమున జారు ‘కరుణ’ వలన ప్రాణములతో సైబీరియాకు పంపబడిన వృత్తాంతము సుప్రసిద్ధము. దానిని నేను విస్తరింపను. నా కవసరమైనది అనంతర వృత్తాంతము. ఓమ్‌స్క్ కోటలో నాలుగేండ్లు, కాళ్ళకు సంకెళ్ళతో, చెక్క అరుగులమీద, ఆయన హంతకుల నడుమ నిద్రించెను. వారిలో భార్యలను చంపినవారు, యజమానులను చంపినవారు, దారికాచి దోచినవారు గలరు. 1860 మొదలు 1862 వరకు ప్రకటితమైన ‘మృతగృహ స్మృతులు’ అను గ్రంథమున ఆయన ఆ జీవితమును చిత్రించుచు ఒక విషయమును ఆశ్చర్యముతో నమోదు చేసెను: అన్ని సంవత్సరముల సహవాసములో ఆ మనుష్యులయందు పశ్చాత్తాపమునకు సంబంధించిన చిన్న చిహ్నమైనను, తమ నేరమును గూర్చిన బరువైన ఆలోచనయైనను తనకు కానరాలేదు. వారిలో చాలమంది తాము చేసినది సరియేయని తలంచుచుండిరి. మనుష్యుని అంతరాత్మయే వానికి న్యాయాధిపతియని నమ్మి చెరకు వెళ్ళిన రచయితకు ఈ దృశ్యము ఎంతటి ఆఘాతమై యుండునో ఊహింపవచ్చును.

ఆ గ్రంథమున వేరొక పాత్ర గలదు. తండ్రిని చంపెనను నేరముపై శిక్షపడిన ఒక కులీన యువకుడు ఎల్లప్పుడు ఉల్లాసముగా, తేలికగా తిరుగుచు, తండ్రి ప్రస్తావన వచ్చినను చలింపక యుండెను. ఇంతటి రాతిగుండె యుండునాయని రచయిత మొదటి భాగమున విస్మయపడెను. గ్రంథము ఇంకను ప్రకటితమగుచుండగనే సైబీరియానుండి వార్త వచ్చినది: ఆ యువకుడు నిరపరాధి, నిజమైన హంతకులు దొరికిరి, అతడు పదేండ్లు వృథాగా చెరననుభవించెను. దోస్తోయెవ్‌స్కీ రెండవ భాగమున ఆ సంగతిని దాచక ప్రకటించెను. పశ్చాత్తాప చిహ్నము లేకుండుట ఒకనియందు కాఠిన్యము కావచ్చును, ఇంకొకనియందు నిర్దోషిత్వము కావచ్చును; ముఖమును చూచి ఆత్మను చదువుదుమని బయలుదేరువాడు ఈ రెంటిని వేరుచేయజాలడు. అప్పటినుండి దోస్తోయెవ్‌స్కీ రచనలలో, మనుష్యుని బాహ్యలక్షణములనుబట్టి వాని దోషమును నిర్ణయింపబూనిన ప్రతివాడును ఏదో యొకచోట పొరబడుచునే యుండును.

1864లో మొదట భార్య, పిదప సోదరుడు మరణించిరి. 1865లో ఆయన నడుపుచున్న పత్రిక నిలిచిపోయినది. సోదరుని అప్పులు కూడ నెత్తిమీద పడినవి. స్తెల్లోవ్‌స్కీ అను ప్రచురణకర్తకు మూడువేల రూబుళ్ళకు తన గ్రంథముల హక్కును వ్రాసియిచ్చి, మరుసటి సంవత్సరము నవంబరు 1వ తేదీలోగా ఒక క్రొత్త నవల నీయనిచో తొమ్మిదేండ్లు తాను వ్రాయునదంతయు ఉచితముగా అతనికే చెందునను షరతునకు లోబడి, ఆయన జర్మనీలోని వీస్‌బాడెన్ చేరెను. జూదమున ఉన్నది పోయినది. హోటలువారు భోజనము పెట్టుట మానిరి. ఆ స్థితిలో సెప్టెంబరు నెలలో ‘రూస్కీ వేస్త్‌నిక్’ సంపాదకుడు కత్కోవునకు, మూడువందల రూబుళ్ళు ముందుగా పంపుమని ప్రార్థించుచు వ్రాసిన లేఖలో ఈ నవల బీజమున్నది. నేరస్థుని లొంగదీయునది ఏదని అందు ఆయన వివరించిన తీరును గమనింపుడు. అది భయము కాదు, సాక్ష్యము కాదు. మానవజాతితో తన బంధము విడిపోయినదను అనుభూతి. నేరము చేసిన మరుక్షణమునుండి వాని ప్రాణమును తోడివేసినది అదియేయని లేఖ చెప్పుచున్నది. నేను ప్రతిపాదించుచున్న అర్థము నా కల్పన కాదనుటకు రచయిత చేతివ్రాతయే ఆధారము.

తొలుత ఆయన ఈ కథను హంతకుని నోటనే, స్వీయకథనముగా వ్రాసెను. చాల భాగము వ్రాసిన పిదప, 1865 నవంబరులో, దానిని కాల్చివేసి మరల మొదటినుండి, కథానాయకుని వీడక అంటియుండు అన్యకథకుని నోట ప్రారంభించెను. దీనికి కారణములు పలువురు పలువిధముల ఊహించిరి. నా కిట్లు తోచును: తన నేరమును తానే వ్రాయుటకు కూర్చున్నవాడు అప్పటికే ఒక విధముగా దానిని ఒప్పుకొనినవాడు, వాని ప్రతి వాక్యమునందును తరువాతి జ్ఞానము ముందటి దినములమీద వెలుగును చిమ్మును. పశ్చాత్తాపము ఇంకను పుట్టని మనస్సును, అది పుట్టునో పుట్టదో తెలియని దశలో చూపవలెనన్నచో, కథ చెప్పువాడు వేరొకడు కావలెను. పేదరికము తరుముచుండగా, పత్రికాధిపతికి గడువు మీరుచుండగా, సిద్ధమైన వ్రాతను అగ్నికి ఆహుతి చేసిన ఆ నిర్ణయము నవలా చరిత్రలో మిక్కిలి సాహసవంతమైన వానిలో నొకటి.

నవల ఆరు భాగములు, ఒక ఉపసంహారము. హత్య మొదటి భాగముతోనే ముగియును. వేసవి ఎండలో సున్నపు ధూళి, మద్యశాలల దుర్గంధము నిండిన వీధులలో, తన వాకిటినుండి ఆ ముసలిదాని గృహమువరకు 730 అడుగులని రస్కోల్నికోవ్ లెక్కపెట్టి యుండెను. కోటు లోపల గొడ్డలి వ్రేలాడదీయుటకు గుడ్డతో ఉచ్చు కుట్టుకొనెను. ముసలిది ముడి విప్పుటలో మునిగియుండునట్లు ఒక చెక్కముక్కను ఇనుపరేకుతో చేర్చి తాకట్టు వస్తువువలె చుట్టికట్టెను. ఇంత లెక్కచూచినవాని లెక్క, ముసలిదాని సవతి చెల్లెలు లిజవేతా తలుపు తీసికొని లోనికి వచ్చుటతో తప్పిపోయినది. ఆమెనుకూడ చంపెను. తరువాత నవలంతటను అతడు ఆ నిరపరాధినిని గూర్చి అరుదుగా తలంచును. ఏల తలంపకున్నానని తనలో తానే వింతపడును. పశ్చాత్తాపమే ఈ నవల విషయమైనచో, మొదట జ్ఞప్తికి రావలసినది లిజవేతా కాదా?

ఇక నేను నిలిచి చూడగోరు దృశ్యము రెండవ భాగములోనిది. హత్య జరిగిన మరునాడు రస్కోల్నికోవ్ దొంగసొత్తును ఒక పెరటిలో బండరాతిక్రింద దాచెను. ఆ సంచిలో ఎంత సొమ్మున్నదో విప్పి చూడనైన లేదు. (అందు 317 రూబుళ్ళున్నవని పాఠకునికి తెలియునది ఉపసంహారమున, చూడకుండ దాచితినను మాటను న్యాయాధిపతులు నమ్మలేకపోయిరి.) పిదప మిత్రుడు రజుమీఖిన్ గదికి పోయి, ఏల వచ్చెనో చెప్పలేక, ఇచ్చిన అనువాదపు పనిని తీసికొని, మరల తిరిగివచ్చి దానిని బల్లమీద పెట్టి, మారుమాటాడక వెడలిపోయెను. నికోలయేవ్‌స్కీ వంతెన నడిమిదారిని పరధ్యానముగా నడచుచు బండి గుర్రముల క్రింద పడబోగా, బండివాడు వీపుమీద కొరడాతో చరిచెను. చుట్టుపట్ల నున్నవారు నవ్విరి. అతడు కమ్మీ నానుకొని వీపు రుద్దుకొనుచుండగా, తలకు రుమాలు కట్టుకొనిన ఒక వర్తకుని వృద్ధభార్య, పచ్చని గొడుగు పట్టిన బాలికతో వచ్చి, వానిని బిచ్చగానిగా తలంచి, క్రీస్తు పేర గైకొనుమని చేతిలో ఒక నాణెమునుంచి వెళ్ళెను. ఇరువది కొపెక్కుల నాణెము. అది చేత పట్టుకొని పదియడుగులు నడచి, రాజభవనపు దిశగా నేవా నదివైపు తిరిగి నిలిచెను. ఆకాశమున మబ్బు లేదు. నేవాలో అరుదుగా కానవచ్చు నీలిమ ఆనాటి నీళ్ళలో నుండెను. దేవాలయ గోపురము మీది అలంకారములొక్కొక్కటియు స్పష్టముగా కనబడుచుండెను. విశ్వవిద్యాలయమునుండి ఇంటికి మరలుచు అదే చోట, నూరుమార్లు నిలిచి అతడు ఆ వైభవమును చూచి, దానినుండి వీచు ఏదో విశదముకాని శైత్యమునకు అచ్చెరువొందినవాడే. ఇప్పుడా పూర్వపు ఆలోచనలు, పూర్వపు ప్రశ్నలు, తానును ఎక్కడనో క్రింద, అగాధమున మునిగియున్నట్లు తోచినది. చేయి కదల్పగా పిడికిటిలోని నాణెము తగిలినది. దానిని చూచి, చేయి విసరి నీటిలో పారవేసెను. ఆ క్షణమున తనను సమస్తజనమునుండియు కత్తెరతో కత్తిరించుకొనినట్లు అతనికి తోచెనని రచయిత చెప్పుచున్నాడు.

ఈ దృశ్యమున భయము లేదు, రక్తము లేదు, ముసలిదాని రూపము కండ్లయెదుట ఆడుట లేదు. ఉన్నదెల్ల దయ. అపరిచిత స్త్రీ ఒకతె అడుగకయే జాలిచూపినది. ఆ జాలిని స్వీకరించు అధికారము తనకు లేదని గాని, తాను దానికి పాత్రుడను కానని గాని అతడు తలంపలేదు. అట్లు తలంచియుండినచో అది పశ్చాత్తాపమయ్యెడిది. అతనికి తెలిసినదెల్ల, ఒక మనుష్యునినుండి వేరొక మనుష్యునికి సాగు ఆ అతిసామాన్యమైన ప్రవాహము తనయొద్దకు వచ్చి ఆగిపోయినదని మాత్రమే. రాష్ట్రాంతరమునుండి ఎన్నో ఆశలతో వచ్చిన తల్లిని చెల్లెలిని చూచిన సమయమునను ఇదియే జరుగును: తీరికగా మాటలాడుకొందమని ఓదార్చుచునే, ఇక ఎన్నటికి ఎవరితోను ఏ విషయమునుగూర్చియు మాటలాడజాలనను ఎరుక వానిని చల్లగా తాకును. హత్య జరిగిన ఆ వాటాలో గోడలకు క్రొత్త కాగితములంటించు పనివారు పనిచేయుచుండగా అతడు అక్కడికి పోయి, తలుపు గంట త్రాటిని లాగి, ఆనాటి ఆ రేకుమ్రోతను మరల మరల వినెను. అంతరాత్మ తరుముచున్నవాడు ఆ చోటికి దూరముగా పారిపోవును. ఇతడు ఆ గంట మ్రోగించుట, తన జీవితమున నిజముగా జరిగిన కడపటి సంఘటన అదియొక్కటే యగుటచేతనేమో.

అంతరాత్మ ఇతనియందు లేనే లేదందురాయని మీరడుగవచ్చును. ఉన్నది, కాని అది మేధకు వెలుపల నున్నది. హత్యకు ముందు అతడు కన్న కలలో, ఏడేండ్ల బాలుడై, త్రాగినవారు ఒక బక్క గుర్రమును ఇనుపకమ్మితో మోది చంపగా, ఆ చచ్చిన గుర్రపు మూతిని కౌగిలించుకొని ముద్దుపెట్టుకొని ఏడ్చెను. మేలుకొని, గొడ్డలి చేతబట్టి నేనట్లు చేయగలనాయని వణకి, ఆ సంకల్పమునే విడిచెను. కాని మరల కొన్ని గడియలకే, మరుసటి సాయంకాలము ఏడుగంటలకు లిజవేతా ఇంట నుండదను మాట ఎండుగడ్డి సంతలో చెవిని పడగా, తర్కము తన సింహాసనమును తిరిగి ఆక్రమించినది. హత్య తరువాత జ్వరము, మూర్ఛ, సన్నిపాతము: శరీరమునకు తెలిసినది బుద్ధికి తెలియుటకు ఒకటిన్నర సంవత్సరము పట్టినది.

నేరవిచారణాధికారి పోర్ఫిరీ పెత్రోవిచ్‌ను గూర్చి చాల చెప్పవచ్చును. అతడు రంగము నెక్కిన మూడు ఘట్టములు సంభాషణా శిల్పమునకు పరాకాష్ఠలు. ఇక్కడ ఒక్క సంగతితో విరమింతును. ఎదుటివాని ముఖచ్ఛాయలను చదువు విద్యలో ఆరితేరిన ఈ అధికారిచేతిలో కడవరకును నికరమైన సాక్ష్యము లేదు. పైగా రంగులు వేయు నికోలాయ్ అను నిరపరాధి మోకరిల్లి, హత్య చేసినది నేనేయని ఒప్పుకొని అతని వ్యూహమును భగ్నము చేసెను. ఆ పల్లెటూరివాడు ఎవరిపాపమునకో తాను శ్రమనొందగోరెను. చేయని నేరమునకు అనుతాపముగలవాడు ఒకడు, చేసిన నేరమునకు అనుతాపములేనివాడు వేరొకడు ఒకే కచేరిలో ఎదురుపడిరి. ఓమ్‌స్క్‌లోని ఆ ‘పితృహంత’ ఈ ఘట్టము వెనుక నిలిచియున్నాడని నా విశ్వాసము.

మన ధర్మశాస్త్రములతో పరిచయముగల సభ్యులకు ఈ సందర్భమున ఒక విషయము స్ఫురింపక మానదు. యాజ్ఞవల్క్యస్మృతి ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములుగా విభక్తమైనది. రాజు విధించు దండనము ఒకచోట, పాపి తనకు తాను విధించుకొను శుద్ధి వేరొకచోట నిలిచినవి. తెలుగునాట పెక్కు కుటుంబములవారికి సూత్రకారుడైన ఆపస్తంబుడు, దొంగిలించినవాడు జుట్టు విరబోసికొని, రోకలిని భుజమున నిడుకొని, రాజుకడకు తానై నడచిపోయి తన కర్మమును చెప్పవలెనని విధించెను. బ్రహ్మహత్య చేసినవాడు అడవిలో గుడిసె వేసికొని, కపాలమును ధ్వజముగా ధరించి, తాను అభిశస్తుడనని చాటుచు భిక్షకు పోవలెననెను. మనువు పాపవిముక్తికి మార్గములను చెప్పుచు, చేసిన పాపమును నలుగురిలో చాటుటను మొదటను, అనుతాపమును దానికి పిదపను, రెంటిని వేరువేరుగా పేర్కొనెను. బహిరంగముగా చాటుట తనంతట తానే ఒక క్రియయనియు, మనస్సులోని బాధకు అది వట్టి ప్రకటన కాదనియు మన ప్రాచీనులెరుగుదురు. ఐతే ఇంతటితో పోలిక ఆగిపోవును. స్మృతికారునికి ప్రాయశ్చిత్తము కర్మపరిమాణమును బట్టి కొలువబడునది. దాని కింత కాలము, ఇంత నియమము గలవు. వర్ణమును బట్టి హెచ్చుతగ్గులును గలవు. దోస్తోయెవ్‌స్కీ చూచిన శుద్ధికి కొలత లేదు, గడువు లేదు, వచ్చుననెడి హామీయు లేదు.

రస్కోల్నికోవ్ తన రహస్యమును మొదట చెప్పినది సోన్యాకు. తాగుబోతు తండ్రిని, క్షయరోగియైన సవతితల్లిని, పసిపిల్లలను పోషించుటకై వేశ్యావృత్తికి అనుమతిపత్రమైన పసుపుపచ్చ టిక్కెట్టు తీసికొని వీధిని పడిన బాలిక. ఆమె గదిలో, కరిగిపోవుచున్న క్రొవ్వొత్తి వెలుగులో, లాజరస్ పునరుజ్జీవన కథను ఆమె చదివిన సువార్తగ్రంథము ఆమెకు లిజవేతా తెచ్చియిచ్చినది. హంతకుడు తాను చంపిన స్త్రీ పుస్తకమునుండి వినుచున్నాడు. ఈ ఘట్టమును మొదట వ్రాసిన రీతిని కత్కోవును, అతని సహాయకుడును అంగీకరింపక రచయితచేత మార్పించిరి. మరల వచ్చి రస్కోల్నికోవ్ నిజమును తెలిపినపుడు సోన్యా చేసిన మొదటి పని అసహ్యించుకొనుట కాదు, ధర్మబోధ చేయుట కాదు. నిన్ను నీవు ఏమి చేసికొంటివని విలపించి అతని మెడను కౌగిలించుకొనుట. వంతెనమీద తెగిపోయిన తంతువు మొదటిసారి ఇక్కడ ముడిపడును. అనంతరము ఆమె విధించినది మన సూత్రకారునకు పరిచితమే: నాలుగుదారుల కూడలికి పొమ్ము, నేలకు మ్రొక్కి ముద్దుపెట్టుకొనుము, నేను చంపితినని లోకమెల్ల వినునట్లు చెప్పుము.

అతడు పోయెను. ఎండుగడ్డి సంతలో జనము నడుమ మోకరిల్లి నేలను ముద్దుపెట్టుకొనెను. చూచినవారు వీడు తప్పతాగినాడనిరి. జెరూసలేము యాత్రకు పోవుచున్నాడని పరిహసించిరి. నాలుకమీదికి వచ్చిన మాట వెనుకకు పోయినది. కచేరికి పోయి, అక్కడ స్విద్రిగైలోవ్ అనువాడు తన్ను తాను కాల్చుకొని చనిపోయెనను వార్త విని, ఏమియు చెప్పకయే మెట్లు దిగివచ్చెను. పెరటిలో పాలిపోయిన ముఖముతో సోన్యా నిలిచియుండుట చూచి, మరల పైకెక్కి, అప్పుడు చెప్పెను. ఆ మాట చెప్పించినది ఆ నిలుచున్న యువతియేగాని వానిలోని ఏ అనుతాపమును కాదు.

శిక్ష ఎనిమిదేండ్లు. సైబీరియా ఖైదీలు అతనిని ద్వేషించిరి. ఒక ఉపవాస దినమున దేవాలయమునొద్ద, నీవు నాస్తికుడవు, నిన్ను చంపవలెనని మీదికి వచ్చిరి. ఆ ఖైదీలే సోన్యా వచ్చినచో టోపీలు తీసి, అమ్మా యని పిలిచి, తమ జబ్బులకు మందడిగిరి. ఉపసంహారమును అతికిన భాగమని పలువురు విమర్శకులు నిరసించిరి. వారితో నేను సగము ఏకీభవింతును. కడపటి రెండు పుటలలో రచయిత తొందరపడెను; నదీతీరమున అతడు సోన్యా పాదములపై పడిన పిదప మిగిలిన ఏడేండ్లు ఏడు దినములుగా తోచునని చెప్పి, దానినంతయు వేరొక కథకు వాయిదా వేసెను. కాని ఉపసంహారము లేనిచో నవల సిద్ధాంతమే అసంపూర్ణమగును: శిక్షపడిన పిమ్మటను, అవమానమునొందిన పిమ్మటను, పశ్చాత్తాపము రాకయుండుటను మనము చూచునది అక్కడనే గదా. అది వచ్చినదియు వాదమునకు లోబడి కాదు. రోగమునుండి లేచినవాడు, కొన్నాళ్ళు కానరాని మనిషికై తనకు తెలియకయే ఎదురుచూచుచున్నాడని గుర్తించిన పిదప వచ్చినది.

వాయిదా వేసిన ఆ కథను దోస్తోయెవ్‌స్కీ రస్కోల్నికోవ్ పేర వ్రాయలేదు. పదునాలుగేండ్ల తరువాత, 1880లో ముగిసిన ‘కరమజోవ్ సోదరులు’ నందు, జోసిమా యతి పూర్వజీవిత వృత్తాంతములో ఒక అజ్ఞాత అతిథిగా దానిని చొప్పించెను. పదునాలుగేండ్ల క్రిందట, తన ప్రేమను తిరస్కరించిన స్త్రీని చంపి, దొంగతనముగా పొరపడునట్లు చేసి, నేరము ఒక సేవకునిపై పడి వాడు చెరలోనే మరణింపగా, అతడు పట్టణమున గౌరవనీయుడై, ధర్మదాతయై, బిడ్డల తండ్రియై వెలసెను. ఇతనికి పశ్చాత్తాపమున్నది, ఎన్నడో వచ్చినది, లేనిది ఒప్పుకోలు. రస్కోల్నికోవ్ కథను రచయిత ఇక్కడ తలక్రిందులు చేసెను. ఐనను తెగిపోవుటలోని బాధ అదియే, బిడ్డలను ముద్దాడ వెరచువాని బాధ. ఎట్టకేలకు తన జన్మదినమున పట్టణ ప్రముఖులెల్ల కూడియుండగా అతడు తన నేరమును చదివి వినిపించి, దాచియుంచిన నగలను బల్లమీద పెట్టెను. ఎవ్వరును నమ్మలేదు, మతి చలించినదని నిర్ణయించిరి, అతని దుఃఖమునకు జోసిమాయే కారణమని దూరిరి. కొన్ని దినములకే అతడు ప్రశాంతముగా కన్నుమూసెను. మరణశయ్యపైనుండి జోసిమాతో అతడు చెప్పిన ఇంకొక సంగతి గలదు: ఒప్పుకోలునకు ముందటి ఒక రాత్రి, వీడ్కొని వెళ్ళినవాడు మరల తలుపు తట్టి వచ్చి రెండు నిమిషములు ఊరక కూర్చుండి పోయినది జ్ఞప్తియందున్నదా, అప్పుడు వచ్చినది, తన నేరము నెరిగిన ఆ ఒక్క మనుష్యుని చంపుటకు.